డిబేట్‌లో గెలిచిందెవరు? ఒకే రాత్రికి ఇన్ని జవాబులెందుకు

2023 ఆగస్టు 24, ఉదయం ఆరున్నర. చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగి పన్నెండున్నర గంటలైంది. మన పేపర్ల మొదటి పేజీలన్నీ విక్రమ్ ల్యాండర్‌వే. సరిగ్గా అదే సమయానికి, అంటే అమెరికాలోని మిల్వాకీలో ముందురోజు రాత్రి ఎనిమిదింటికి, ఎనిమిది మంది రిపబ్లికన్ నాయకులు ఒకే స్టేజీ మీద వరసగా నిలబడ్డారు. 2024 అధ్యక్ష ఎన్నికకు ఆ పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే పోటీలో అది మొదటి డిబేట్.

రెండు గంటల తర్వాత మా బంధువుల వాట్సాప్ గ్రూపులో డాలస్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది: "వివేక్ ఇరగదీశాడు." రెండు నిమిషాలకే న్యూజెర్సీ నుంచి జవాబు: "అతి చేశాడు బాబాయ్. నిక్కీ హేలీ మాటే నిలబడింది." ఆ వెనకే ఇంకొకరు: "ఇదంతా టైం వేస్ట్. రాని ట్రంపే గెలిచాడు." వివేక్ రామస్వామి, నిక్కీ హేలీ ఆ ఎనిమిది మందిలో ఇద్దరు; ట్రంప్ ఆ రాత్రి రానే లేదు. అప్పుడు మొదలైన వాదన మధ్యాహ్నం దాకా సాగింది. ఒకరి మాట ఇంకొకరు ఒప్పుకోలేదు.

తర్వాత లెక్కలు చూస్తే తేలిందేంటంటే, ముగ్గురి మాటకూ ఆధారం ఉంది. ముగ్గురికీ మద్దతుగా అంకెలు దొరికాయి. ఎందుకంటే "డిబేట్‌లో గెలిచిందెవరు" అనేది ఒక్క ప్రశ్న కాదు. అందులో నాలుగైదు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. 2028లో ట్రంప్ మళ్లీ పోటీ చేయడానికి రాజ్యాంగం ఒప్పుకోదు కాబట్టి రెండు పార్టీల్లోనూ కొత్త అభ్యర్థి కోసం వెతుకులాట ఉంటుంది. మళ్లీ స్టేజీ నిండా జనం, మళ్లీ ఇవే వాదనలు. ఆలోగా ఈ చిక్కుముడిని ఒకసారి విప్పి చూద్దాం.

బీ-ఫారం ఓటర్ల చేతిలో ఉంటే

మన దగ్గర పార్టీ టికెట్ ఎవరికివ్వాలో పార్టీ అధినేత గానీ హైకమాండ్ గానీ తేలుస్తుంది. ఆశావహులు పార్టీ ఆఫీసు చుట్టూ తిరుగుతారు, సర్వే రిపోర్టుల కోసం ఎదురుచూస్తారు, చివరికి బీ-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్లే అభ్యర్థి. ఓటరుకు ఆ నిర్ణయంలో పాత్ర లేదు.

అమెరికాలో ఆ బీ-ఫారం ఎవరికివ్వాలో కూడా ఓటర్లే తేలుస్తారు. అందుకోసం పార్టీ లోపల జరిగే ఎన్నికే ప్రైమరీ. కొన్ని రాష్ట్రాల్లో పోలింగ్ బూత్ పద్ధతికి బదులు జనం ఒక సమయానికి ఒకచోట చేరి తమ అభ్యర్థిని ఎంచుకుంటారు. దాన్ని కాకస్ అంటారు. అన్ని రాష్ట్రాల్లో ఒకే రోజు జరగవు. 2024లో రిపబ్లికన్లకు జనవరి 15న అయోవాతో మొదలై నెలల పాటు సాగాయి. ఒక్కో రాష్ట్రంలో వచ్చిన ఓట్లను బట్టి అభ్యర్థులకు ప్రతినిధులు, అంటే పార్టీ మహాసభలో వాళ్ల తరఫున ఓటు వేసేవాళ్లు దక్కుతారు. ఆ ప్రతినిధుల మెజారిటీ ఎవరికుంటే వాళ్లే పార్టీ అభ్యర్థి.

ఈ తతంగమంతా మొదలవ్వడానికి నెలల ముందు జరిగేదే ప్రైమరీ డిబేట్. ఒకే పార్టీ టికెట్ ఆశావహులు టీవీలో, జనం ముందు ఒకరితో ఒకరు వాదించుకోవడం. మన రెండు రాష్ట్రాల్లో ఏ నియోజకవర్గంలోనైనా ఒకే పార్టీ ఆశావహులు ఐదుగురు ఇలా కెమెరా ముందు నిలబడి తలపడటం ఊహించుకోండి, తేడా అర్థమైపోతుంది.

చూసేవాడి మనసు ఇక్కడెందుకు త్వరగా మారుతుంది

నవంబరులో జరిగే అసలు ఎన్నిక ముందు డెమోక్రాట్, రిపబ్లికన్ అభ్యర్థుల మధ్య డిబేట్ జరిగితే, చూసేవాళ్లలో చాలామంది ముందే ఒక వైపు ఉంటారు. మన పార్టీవాడు తడబడినా సర్దిచెప్పుకుంటాం. ఎదుటివాడు బాగా మాట్లాడినా ఏదో ఒక వంక పెడతాం. పార్టీ అనే గోడ అభిప్రాయాన్ని కదలనివ్వదు.

ప్రైమరీలో ఆ గోడ ఉండదు. స్టేజీ మీదున్న అందరిదీ ఒకే పార్టీ, ముఖ్యమైన విషయాల్లో చాలావరకు ఒకే మాట. కాబట్టి ప్రేక్షకుడు చిన్న తేడాలు చూస్తాడు. ఎవరు ధైర్యంగా ఉన్నారు, ఎవరు ప్రశ్న దాటేశారు, ఎవరు అవతలి పార్టీని ఓడించగలరు. పైగా ఒకేసారి ఇద్దరు ముగ్గురు నచ్చవచ్చు. ఒకరి నుంచి ఇంకొకరికి మారడానికి పెద్దగా ఏ అడ్డూ లేదు. అలా సులువుగా మారిన మనసు అంతే సులువుగా వెనక్కీ వస్తుంది. డిబేట్ మర్నాడు కనిపించే ఊపు నెల తర్వాత కనిపించకపోవడానికి సగం కారణం ఇదే.

1.28 కోట్లు పెద్దదా, 20 కోట్లు పెద్దదా

మిల్వాకీ డిబేట్‌ను టీవీలో సుమారు 1.28 కోట్ల మంది చూశారని టీవీ ప్రేక్షకుల్ని లెక్కించే నీల్సన్ సంస్థ లెక్క. ట్రంప్ ఆ రాత్రి రాలేదు. పోల్స్‌లో సగానికి పైగా రిపబ్లికన్లు తనవైపే ఉన్నప్పుడు మిగతావాళ్లతో సమానంగా నిలబడాల్సిన అవసరమేంటన్నది ఆయన వాదన. బదులుగా టీవీ వ్యాఖ్యాత టక్కర్ కార్ల్‌సన్‌కు ముందే ఇచ్చిన ఇంటర్వ్యూ డిబేట్ సమయానికే ఎక్స్‌లో వచ్చింది. దాని కింద కనిపించిన "వ్యూస్" అంకె తొందరలోనే 20 కోట్లు దాటింది. ఆయన అభిమానులు ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోస్టులు పెట్టారు.

ఈ రెండూ ఒకే కొలత కావు. నీల్సన్ చెప్పేది సగటు. అంటే ప్రసారం సాగినంతసేపూ ఏ నిమిషం తీసుకున్నా సగటున ఎంతమంది టీవీ ముందున్నారన్నది. ఎక్స్‌లో "వ్యూ" అంటే ఆ పోస్టు ఎవరి ఫోన్ స్క్రీన్ మీద కనిపించినా ఒకటి లెక్కే. వేలితో పైకి తోసేస్తూ వెళ్లినా, ఒక్క మాట వినకపోయినా ఒకటే. ఒకే మనిషికి మూడుసార్లు కనిపిస్తే మూడు. అమెరికా మొత్తం జనాభా 33 కోట్ల పైచిలుకు. పసిపిల్లలతో సహా ఆ దేశంలో సగానికి మించిన జనం ఆ రాత్రి ఒక ఇంటర్వ్యూ చూశారంటే నమ్మశక్యం కాదు కదా.

అలాగని 1.28 కోట్లు తక్కువేమీ కాదు, ట్రంప్ లేకుండా అంతమంది వస్తారని చాలామంది అనుకోలేదు. కాకపోతే 2015 ఆగస్టులో క్లీవ్‌లాండ్‌లో ట్రంప్ పాల్గొన్న మొదటి డిబేట్‌ను చూసినవాళ్లు 2.4 కోట్లు. తర్వాత 2023 సెప్టెంబరు 27న కాలిఫోర్నియాలోని రీగన్ లైబ్రరీలో జరిగిన రెండో డిబేట్‌కు ప్రేక్షకులు కోటి కంటే తగ్గిపోయారు. "రాని ట్రంపే గెలిచాడు" అన్న మూడో మెసేజ్‌కు ఈ తగ్గుదలే ఒక ఆధారం.

29, 26, 15: ఈ అంకెల్ని ఎలా చదవాలి

డిబేట్ అయిన వెంటనే వాషింగ్టన్ పోస్ట్, ఫైవ్‌థర్టీఎయిట్, ఇప్సోస్ (ఒక పత్రిక, ఒక ఎన్నికల విశ్లేషణ సైట్, ఒక సర్వే సంస్థ) కలిసి ఒక సర్వే చేశాయి. రిపబ్లికన్ ప్రైమరీలో ఓటు వేయబోయే, డిబేట్ చూసిన సుమారు ఎనిమిది వందల మందిని అడిగాయి. ఎవరు బాగా చేశారంటే అప్పటి ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిసాంటిస్ అన్నవాళ్లు 29 శాతం, వివేక్ రామస్వామి అన్నవాళ్లు 26 శాతం, నిక్కీ హేలీ అన్నవాళ్లు 15 శాతం.

హెడ్‌లైన్ రాసేవాళ్లకు డిసాంటిస్ గెలిచినట్టే. కానీ చిన్న లెక్క వేసి చూడండి. శాంపిల్ సర్వేల్లో ఎప్పుడూ కొంత అటూ ఇటూ ఉంటుంది. అదెంతో ఉజ్జాయింపుగా తెలుసుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. 1ని శాంపిల్ సంఖ్య వర్గమూలంతో భాగించడం. 800కి వర్గమూలం దాదాపు 28. ఒకటిలో ఇరవై ఎనిమిదో వంతంటే సుమారు 3.5 శాతం. అంటే డిసాంటిస్ అసలు అంకె 25.5 నుంచి 32.5 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, రామస్వామిది 22.5 నుంచి 29.5 మధ్య. ఈ రెండు పరిధులూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కాబట్టి న్యాయంగా చెప్పాలంటే ఆ ఇద్దరూ దాదాపు సమానం. హేలీ మాత్రం వాళ్లకంటే స్పష్టంగా వెనక.

మరి న్యూజెర్సీ మెసేజ్ తప్పేనా? కాదు. అదే సర్వేలో ఇంకో ప్రశ్న ఉంది, నా దృష్టిలో అదే అన్నిటికన్నా విలువైనది. "వీళ్లలో ఎవరికి ఓటు వేసే ఆలోచన చేస్తారు? ఎంతమందినైనా చెప్పొచ్చు." దీన్ని డిబేట్‌కు ముందూ, తర్వాతా అదే మనుషుల్ని అడిగారు. హేలీ పేరు చెప్పినవాళ్లు ముందు 30 శాతం దగ్గర ఉంటే, తర్వాత 46 శాతానికి ఎగబాకారు. ఆ రాత్రి ఇంత పెద్ద పెరుగుదల మరెవరికీ లేదు.

రామస్వామి సంగతి ఇంకో రకం. ఆయనంటే మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు పెరిగారు. చెడు అభిప్రాయం ఉన్నవాళ్లు అంతకంటే ఎక్కువగా పెరిగారు. డాలస్ మెసేజ్, న్యూజెర్సీ మెసేజ్ రెండూ ఒకే మనిషి గురించి, రెండూ నిజం. "వింత ఇంటిపేరున్న ఈ బక్కపలచటి మనిషెవరు, స్టేజీ మధ్యలో ఇతనికేం పని" అని తన గురించి తానే మొదలుపెట్టి, స్టేజీ మీద అమ్ముడుపోని అభ్యర్థిని తానొక్కడినే అన్నారాయన. అదే మాటకు ఒక ఇంట్లో చప్పట్లు కొట్టారు, పక్కింట్లో చిరాకుపడ్డారు. స్టేజీ మీదున్న ఇంకో అభ్యర్థి, న్యూజెర్సీ మాజీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ ఆయన్ని చాట్‌జీపీటీలా మాట్లాడుతున్నారన్నారు. విదేశాంగ విషయాల్లో మీకు అనుభవం లేదు, అది కనబడుతోంది అని హేలీ అన్నప్పుడు హాలు హోరెత్తింది.

ఇద్దరు ముగ్గురు ఉన్న పోటీలో "బాగా చేశారు" అన్న మాట ఓటుకు దగ్గరగా ఉంటుంది. ఎనిమిది మంది ఉన్నప్పుడు అలా కాదు. ఒకరు ఇరవై ఆరు శాతాన్ని ఉర్రూతలూగించి మిగతా సగాన్ని దూరం చేసుకోవచ్చు. ఇంకొకరు ఎవరికీ మొదటి ఇష్టం కాకుండానే సగం మందికి "పర్లేదు, చూద్దాం" అనిపించవచ్చు. పోటీదారులు ఒక్కొక్కరే తప్పుకుంటూ పోయే ప్రైమరీలో ఈ రెండో రకానికే ఆయుష్షు ఎక్కువ.

వెబ్‌సైట్ పోల్, గూగుల్ సెర్చ్

డిబేట్ ముగిసీ ముగియగానే "విన్నర్ ఎవరు, క్లిక్ చేయండి" అంటూ పోల్స్ వస్తాయి. లక్షల ఓట్లు పడతాయి. ఎనిమిది వందల మంది సర్వే కంటే లక్షల మంది పోల్ మేలు కదా అనిపిస్తుంది. కానీ సర్వేలో ఎవర్ని అడగాలో సర్వే చేసేవాళ్లు ఎంచుకుంటారు. వెబ్‌సైట్ పోల్‌లో ఎవరు రావాలో వచ్చేవాళ్లే ఎంచుకుంటారు. అభిమానం ఎక్కువున్నవాళ్లు పదిమందికి లింకు పంపి మరీ వేయిస్తారు. 2007లో రిపబ్లికన్ డిబేట్‌ల తర్వాత జరిగిన టెక్స్ట్ మెసేజ్, ఆన్‌లైన్ ఓటింగ్‌లలో రాన్ పాల్ పేరు ఎప్పుడూ పై వరసలో ఉండేది. 2008 ప్రైమరీల్లో ఆయన ఒక్క రాష్ట్రమూ గెలవలేదు.

సెర్చ్ లెక్కలు ఇంకా తమాషాగా తప్పుదోవ పట్టిస్తాయి. 2019 జూలై 30న డెట్రాయిట్‌లో జరిగిన డెమోక్రాటిక్ డిబేట్ సమయంలో 50 రాష్ట్రాల్లో 49 చోట్ల గూగుల్‌లో అందరికంటే ఎక్కువగా వెతికిన అభ్యర్థి మరియాన్ విలియమ్సన్. ఆధ్యాత్మిక పుస్తకాల రచయిత్రి. ఆ ఒక్క రాత్రి చూస్తే దేశమంతా ఆమె వైపు తిరిగినట్టుంది. 2020 జనవరిలో, ఒక్క ఓటు కూడా పడకముందే ఆమె తప్పుకున్నారు. జనం వెతికింది "ఈవిడెవరు?" అని, అంతే. బైడెన్ ఎవరో అందరికీ తెలుసు కాబట్టి ఆయన్ని వెతకాల్సిన పని లేదు.

విరాళాలు మాత్రం కొంచెం నయమైన కొలత. జేబులోంచి డబ్బు తీయడం క్లిక్ కంటే బరువైన పని. కానీ అదీ ఇప్పటికే ఇష్టపడేవాళ్ల ఊపునే చూపిస్తుంది. పైగా 2023లో డిబేట్‌కు అర్హత రావాలంటే కనీసం 40 వేల మంది దాతలు ఉండాలని పార్టీ నిబంధన పెట్టింది. అప్పటి నార్త్ డకోటా గవర్నర్ డగ్ బర్గమ్ ఏం చేశారంటే, ఒక్క డాలర్ విరాళమిచ్చినవాళ్లకు 20 డాలర్ల గిఫ్ట్ కార్డు పంపించారు. స్టేజీ మీద చోటు దొరికింది. ఇక ఆ దాతల సంఖ్య చూసి ప్రజాదరణ ఎంతో ఎలా చెప్పగలం?

హాల్లో చప్పట్లు మన చెవిలో ఏం చేస్తాయి

మిల్వాకీ రాత్రిలో ఒక నిమిషం దగ్గరగా చూద్దాం. డిబేట్ నడుపుతున్న బ్రెట్ బేయర్ ఒక ప్రశ్న వేశారు: ట్రంప్‌ను కోర్టు దోషిగా తేల్చినా ఆయనే పార్టీ అభ్యర్థి అయితే మద్దతిస్తారా, ఇచ్చేవాళ్లు చెయ్యెత్తండి. రామస్వామి చెయ్యి వెంటనే లేచింది. డిసాంటిస్ అటూ ఇటూ చూసి, పక్కవాళ్ల చేతులు లేచాక తన చెయ్యెత్తారు. క్రిస్టీ వేలు ఒకటి పైకెత్తి, ఒప్పుకోనన్నట్టు ఆడించారు. ఎనిమిదిలో ఆరు చేతులు లేచాయి. ఆ తర్వాత క్రిస్టీ ట్రంప్ ప్రవర్తన మీద మాట్లాడబోతే హాలంతా అరుపులు. బేయర్ తన వెనక ఉన్న జనం వైపు తిరిగి సర్దుకోమని చెప్పాల్సి వచ్చింది.

ఇంట్లో సోఫాలో కూర్చున్న ప్రేక్షకుడికి ఇందులో రెండు విషయాలు అందుతాయి. ఒకటి, డిసాంటిస్ ఆ పక్కచూపు. మాటల్లో లేని ఆ ఒక్క క్షణం క్లిప్పుగా మారి మర్నాడంతా తిరిగింది. రెండోది, హాలు అరుపు. క్రిస్టీ చెప్పింది ఒప్పో తప్పో ఆలోచించేలోపే "జనానికి ఇది నచ్చలేదు" అన్న కబురు చెవిన పడిపోయింది. కానీ ఆ జనం ఎవరు? పార్టీ, ప్రచార బృందాలు, చానల్ ద్వారా టికెట్లు దొరికినవాళ్లు. వాళ్లు రిపబ్లికన్ ఓటర్లందరికీ నమూనా కారు.

చప్పట్లకు బలం ఉందనడానికి ఒక ప్రయోగం ఉంది. 1984 అధ్యక్ష ఎన్నికల డిబేట్‌లో వయసు గురించి అడిగితే 73 ఏళ్ల రోనాల్డ్ రీగన్ "నా ప్రత్యర్థి చిన్న వయసును, అనుభవలేమిని నేను రాజకీయానికి వాడుకోను" అన్నారు. హాలు పగలబడి నవ్వింది, ఎదురుగా ఉన్న వాల్టర్ మొండేల్ కూడా నవ్వారు. పరిశోధకులు ఆ డిబేట్ వీడియోలో రీగన్ చెణుకుల తర్వాత వచ్చే నవ్వులు, చప్పట్లు తీసేసి కొంతమందికి చూపించారు. మాట అదే, మనిషి అదే. కానీ నవ్వులు వినపడని ప్రేక్షకులకు రీగన్ అంత గొప్పగా అనిపించలేదు. బ్రిటన్‌లో 2010 ఎన్నికల డిబేట్‌తో ఇంకో ప్రయోగం చేశారు. టీవీ తెర కింద ప్రేక్షకుల స్పందనను చూపిస్తూ పైకీ కిందకీ పాకే గీత ఉంటుంది. ఆ గీతను 150 మందికి తెలియకుండా మార్చేశారు. ఒక గుంపుకు అప్పటి ప్రధాని గోర్డన్ బ్రౌన్ వైపు, ఇంకో గుంపుకు లిబరల్ డెమోక్రాట్ నేత నిక్ క్లెగ్ వైపు మొగ్గేలా. ఎవరు గెలిచారని అడిగితే, గీత ఎటు మొగ్గితే జవాబులూ అటే మొగ్గాయి.

నిజ జీవితంలో ఇది ఎలా ఉంటుందో 2012 జనవరిలో రిపబ్లికన్ టికెట్ ఆశించిన న్యూట్ గింగ్రిచ్‌కు రెండు వారాల్లోనే తెలిసొచ్చింది. జనవరి 19న సౌత్ కరోలినా డిబేట్‌లో మొదటి ప్రశ్నే ఆయన మాజీ భార్య ఆరోపణల గురించి. ఆయన మీడియా మీద విరుచుకుపడ్డారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. రెండు రోజుల తర్వాత జరిగిన ప్రైమరీలో ఆయనకు 40 శాతం, అప్పటిదాకా ముందున్న మిట్ రోమ్నీకి 28 శాతం. ఓటు వేసి బయటికొచ్చినవాళ్లలో సగానికి పైగా తమ నిర్ణయంలో డిబేట్‌లది ముఖ్యమైన పాత్ర అన్నారు. జనవరి 23న ఫ్లోరిడాలోని టాంపాలో జరిగిన డిబేట్‌లో ప్రేక్షకుల్ని నిశ్శబ్దంగా ఉండమన్నారు. గింగ్రిచ్ చప్పగా కనిపించారు. జనం నోరు కట్టేసే డిబేట్‌లకు ఇక ఒప్పుకోనని మర్నాడు ఉదయమే అన్నారు. జనవరి 31న ఫ్లోరిడాలో రోమ్నీ 46, గింగ్రిచ్ 32.

అయితే ఇక్కడే తొందరపడకూడదు. మధ్యలో 26న జాక్సన్‌విల్‌లో ఇంకో డిబేట్ జరిగింది. అక్కడ చప్పట్లకు అడ్డు లేదు, అయినా ఆ రాత్రి రోమ్నీదే పైచేయి. పైగా ఫ్లోరిడాలో రోమ్నీ పక్షం టీవీ ప్రకటనల మీద చాలా ఎక్కువ ఖర్చు పెట్టింది. చప్పట్లు ఒక కారణమని చెప్పొచ్చు, అవే కారణమని చెప్పలేం.

రాత్రి ఒక మాట, తెల్లారితే ఇంకో మాట

1976 అక్టోబరులో జెరాల్డ్ ఫోర్డ్, జిమ్మీ కార్టర్ డిబేట్. ఇది ప్రైమరీ కాదు, కానీ ఈ విషయం చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ లేదు. అప్పట్లో తూర్పు యూరప్ దేశాలు సోవియట్ గుప్పిట్లోనే ఉన్నా, అక్కడ సోవియట్ ఆధిపత్యం లేదని అధ్యక్షుడు ఫోర్డ్ అనేశారు. డిబేట్ ముగిసిన వెంటనే ఫోన్లో అడిగితే ఎక్కువమంది ఫోర్డే బాగా చేశారన్నారు. ఆ తప్పును టీవీలు, పేపర్లు మర్నాడంతా చర్చించాక అడిగితే కార్టర్ గెలిచారన్నవాళ్లు చాలా ఎక్కువ. డిబేట్ మారలేదు. దాని గురించి జనం విన్నది మారింది.

ఇప్పుడు ఆ పని ఒక రోజు కూడా పట్టదు, డిబేట్ సాగుతుండగానే క్లిప్పులు వచ్చేస్తాయి. రెండు గంటలు చూసినవాళ్ల కంటే ఇరవై సెకన్ల క్లిప్పు చూసినవాళ్లు ఎక్కువ. 2016 ఫిబ్రవరి 6న న్యూహాంప్‌షైర్‌లో రిపబ్లికన్ ఆశావహుడు మార్కో రూబియో ఒబామా గురించి ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ అన్నారు. కంఠతా పట్టిన ప్రసంగమే అప్పజెప్తున్నారని క్రిస్టీ ఎత్తిపొడిచాక కూడా అదే వాక్యం అన్నారు. రెండు గంటల డిబేట్‌లో రూబియో చెప్పిన మిగతావన్నీ పోయాయి, ఆ వాక్యం మిగిలింది. మూడు రోజుల తర్వాత జరిగిన ప్రైమరీలో ఆయనది ఐదో స్థానం. దెబ్బ కొట్టిన క్రిస్టీకి మాత్రం ఏమొచ్చింది? ఆరో స్థానం. మర్నాడే పోటీ నుంచి తప్పుకున్నారు. చూసేవాళ్లు ఒకర్ని దించేసినంత మాత్రాన, దించినవాణ్ని ఎత్తుకోవాలనేం లేదు.

ఇంతకీ ఓట్లు మారతాయా

ఇక్కడ పండితుల్లోనే రెండు మాటలున్నాయి.

పెద్దగా మారవనేవాళ్లు ట్రంప్‌ను చూపిస్తారు. 2023-24లో ఒక్క ప్రైమరీ డిబేట్‌కూ రాకుండానే అయోవాలో 51 శాతం తెచ్చుకున్నారు. బైడెన్‌ను కూడా చూపిస్తారు. 2019లో ఎన్నో డిబేట్‌లలో తడబడ్డారని అందరూ రాశారు, చివరికి అభ్యర్థి ఆయనే అయ్యారు. 2019 జూన్ 27న మయామీలో కమలా హారిస్, నల్లజాతి పిల్లల్ని వేరే ప్రాంతపు స్కూళ్లకు బస్సుల్లో పంపే విధానాన్ని ఒకప్పుడు వ్యతిరేకించారంటూ, అలా బస్సులో వెళ్లిన "ఆ చిన్నారిని నేనే" అని బైడెన్‌ను నిలదీసిన రాత్రి గుర్తుండే ఉంటుంది. క్విన్నిపియాక్ పోల్‌లో 7 శాతం ఉన్న ఆమె జూలై మొదట్లో 20కి చేరారు, బైడెన్ 30 నుంచి 22కి దిగారు. ఒక్క రోజులో 20 లక్షల డాలర్ల విరాళాలు. డిసెంబరు 3న, తొలి ఓటు పడకముందే ఆమె ప్రచారం ఆగిపోయింది.

మారతాయనేవాళ్లు గింగ్రిచ్‌ను, రూబియోను చూపిస్తారు. 2020 ఫిబ్రవరి 19న లాస్ వేగాస్‌ను కూడా. ఆ రాత్రి డెమోక్రాటిక్ టికెట్ ఆశించిన ఎలిజబెత్ వారెన్, తన పోటీదారు మైకేల్ బ్లూమ్‌బర్గ్‌ను ఆయన సంస్థపై ఫిర్యాదు చేసిన మహిళల నోరు కట్టేసిన రహస్య ఒప్పందాల మీద నిలదీశారు. ఆయన దగ్గర జవాబు లేకపోయింది. డెమోక్రాటిక్ ప్రైమరీ డిబేట్‌లలో అప్పటిదాకా అంతమంది చూసింది లేదు, దాదాపు రెండు కోట్లు. రెండు వారాల్లో బ్లూమ్‌బర్గ్ తప్పుకున్నారు. కానీ మూడు రోజుల తర్వాత అదే నెవాడాలో జరిగిన కాకస్‌లో వారెన్‌కు దక్కింది నాలుగో స్థానం. దానికి ఒక మామూలు కారణం కూడా ఉంది. ఆ కాకస్‌లో ముందుగానే ఓటు వేసే వీలు కూడా ఉంది, ఆ ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరి 15 నుంచి 18 దాకా జరిగింది. దాదాపు 75 వేల మంది, అంటే పాల్గొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది, డిబేట్‌కు ముందే ఓటు వేసేశారు. వాళ్లలో ఎంతమంది ఆ రాత్రి వారెన్‌కు చప్పట్లు కొట్టినా, వేసిన ఓటు వెనక్కి రాదు.

ఈ రెండు వాదనల్నీ పక్కపక్కన పెడితే నాకు అర్థమైంది ఇది. అందరికీ బాగా తెలిసిన నాయకుడి గురించి జనానికి ముందే ఒక అభిప్రాయం ఉంటుంది, రెండు గంటలు దాన్ని కదిలించలేవు. అంతగా తెలియనివాళ్లకు డిబేట్ ఒక తలుపు తీస్తుంది. ఓటింగ్‌కు రెండు మూడు రోజుల ముందు జరిగితే ఆ ఊపు పెట్టెలో పడుతుంది, ఐదు నెలల ముందు జరిగితే దారిలోనే ఆరిపోతుంది.

మిల్వాకీ తర్వాత ఐదు నెలలకు అయోవాలో డిసాంటిస్ 21, హేలీ 19, రామస్వామి దాదాపు 8 శాతం. రామస్వామి ఆ రాత్రే తప్పుకున్నారు. డిసాంటిస్ మరో ఆరు రోజులకు. హేలీ మాత్రం ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటర్లు కూడా పాల్గొనగలిగే న్యూహాంప్‌షైర్‌లో 43 శాతం తెచ్చుకుని, మార్చి మొదటి వారం దాకా నిలిచారు. "పర్లేదు, చూద్దాం" అన్న ఆ 46 శాతం అంతదూరం నడిపించింది, గెలిపించలేదు.

చూసేవాళ్లెందరు, వేసేవాళ్లెందరు

టీవీలో చూసింది 1.28 కోట్లు. అయోవా కాకస్‌లో పాల్గొన్నది సుమారు 1.1 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో సగటున ఉండే ఓటర్లలో సగం కూడా కాదు. అయినా మొదటి గేటు దగ్గర ఎవరు ఆగిపోవాలో తేల్చింది ఆ కొద్దిమందే. గడ్డకట్టే చలిలో ఆ రాత్రి బయల్దేరి వచ్చినవాళ్లు.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఈ తేడా ఇంకా దగ్గరగా తెలుస్తుంది. 2028లో ఏ డిబేట్ రాత్రో టెక్సస్‌లో ఒక ఇల్లు అనుకోండి. పౌరసత్వం వచ్చిన అన్న, గ్రీన్‌కార్డు మీదున్న వదిన, హెచ్-1బీ మీద వచ్చిన తమ్ముడు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మ, మూడేళ్ల పాప టీవీ ముందున్నారు. వీసాల మీద ప్రశ్న రాగానే అందరికంటే టెన్షన్ పడేది తమ్ముడే. అతను వాట్సాప్‌లో ఎంత వాదించినా ఓటు వేయలేడు, అభ్యర్థికి ఒక్క డాలర్ విరాళం ఇవ్వడానికి కూడా చట్టం ఒప్పుకోదు. వదిన విరాళం ఇవ్వొచ్చు, ఓటు వేయలేదు. అన్న ఒక్కడే రెండూ చేయగలడు. టెక్సస్‌లో పార్టీ నమోదు లేదు కాబట్టి ఏ పార్టీ ప్రైమరీలో వేయాలో ఆ రోజే తేల్చుకోవచ్చు. అదే అన్న న్యూయార్క్‌లో ఉంటే ముందే ఆ పార్టీ ఓటరుగా నమోదై ఉండాలి, లేకపోతే డిబేట్ ఎంత నచ్చినా బయటే నిలబడాలి.

నీల్సన్ రెండేళ్లు నిండిన ప్రతి ఒక్కరినీ ప్రేక్షకుల కిందే లెక్కేస్తుంది. ఆ లెక్కన ఆ ఇంట్లో ఐదుగురు డిబేట్ చూశారు. ఓటు ఒక్కటే.